ఈవీ, హైబ్రిడ్ బండ్లలో లెడ్ యాసిడ్ బ్యాటరీ: ఎంచుకోవడం నుంచి ఎక్స్చేంజ్ దాకా

ఎలక్ట్రిక్ కారు అడుగున ఉన్న పెద్ద లిథియం ప్యాక్ 80 శాతం నిండి ఉన్నా ఒక్కోసారి పొద్దున్నే బండిలో చలనం ఉండదు. స్క్రీన్ వెలగదు, రిమోట్‌కి లాక్ తెరుచుకోదు. చాలాసార్లు తప్పు పెద్ద ప్యాక్‌ది కాదు, బానెట్ కిందో డిక్కీలోనో ఉండే చిన్న 12 వోల్టుల బ్యాటరీది. పెద్ద ప్యాక్‌ని మోటారుతో కలిపే కాంటాక్టర్లు మూసుకోవాలన్నా, కంప్యూటర్లు మేలుకోవాలన్నా ఆ 12 వోల్టులు ఉండాల్సిందే. ఇప్పటికీ చాలా ఈవీల్లో అది సీసం పలకలు, గంధకామ్లంతో చేసిన లెడ్ యాసిడ్ బ్యాటరీయే. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే తయారుచేసినదానికి అది మునిమనవడు.

వయసు 160 ఏళ్లు దాటినా ఈ బ్యాటరీ కిలో బరువుకి దాచుకునే శక్తి పెద్దగా పెరగలేదు. ఇప్పటికీ 30 నుంచి 40 వాట్ అవర్ల దగ్గరే ఉంది. గత ముప్ఫై ఏళ్ల పరిశోధన ఎక్కువగా ఇంకో ప్రశ్న చుట్టూ తిరిగింది: సగం నిండిన స్థితిలో ఉంటూనే, బ్రేక్ వేసిన నాలుగైదు క్షణాల్లో బండి వేగం నుంచి పుట్టే కరెంటును గబగబా మింగగలదా? అందుకే షాపుకెళ్లి ముందుగా "ఎన్ని ఏహెచ్?" (ఆంపియర్ అవర్లు, అంటే ఎంత కరెంటు దాచుకుంటుంది) అని అడగడం తప్పు మొదలు. ముందు అడగాల్సింది "నా బండిలో ఇది ఏ పని చేస్తోంది?" అని.

మొదటి మెట్టు: బ్యాటరీ చేస్తున్న పని ఏమిటో తేల్చుకోండి

బండిని నడిపించేది ఇదేనా? అయితే మీది ట్రాక్షన్ బ్యాటరీ. మన దగ్గర ఇది ఎక్కువగా ఈ-రిక్షాల్లో కనిపిస్తుంది. 12 వోల్టులవి నాలుగు వరసగా కలిపి 48 వోల్టులు చేస్తారు. ఒకప్పుడు కార్లలోనూ ఉండేది. 1996లో జనరల్ మోటార్స్ తెచ్చిన ఈవీ1 మొదటి తరం నడిచింది లెడ్ యాసిడ్ మీదే. 2001లో బెంగళూరు నుంచి వచ్చిన రేవా కూడా అంతే, ఆరు వోల్టుల బ్యాటరీలు ఎనిమిదింటితో.

సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేసే కారు, లేదా మైల్డ్ హైబ్రిడ్ (ఇంజన్‌కి చిన్న మోటారు కాస్త సాయం చేసే కారు) అయితే పని పూర్తిగా వేరు. 2015లో మారుతి సియాజ్, ఎర్టిగా డీజిల్ కార్లకు ఎస్‌హెచ్‌వీఎస్ అనే మైల్డ్ హైబ్రిడ్ ఏర్పాటు వచ్చింది. బ్రేక్ వేసినప్పుడు వచ్చే శక్తిని దాచే బాధ్యత అందులో లెడ్ యాసిడ్ బ్యాటరీదే. 2018 సియాజ్ పెట్రోల్‌కి వచ్చేసరికి దాని పక్కన ఒక చిన్న లిథియం బ్యాటరీ చేరింది.

మూడోది పూర్తి ఈవీల్లో, మోటారు ఒక్కదానితోనూ కొంత దూరం నడవగల స్ట్రాంగ్ హైబ్రిడ్‌లలో ఉండే 12 వోల్టుల ఆక్సిలరీ బ్యాటరీ. దీనికి ఇంజన్ తిప్పే బరువు పని ఉండదు. కానీ బండి ఆగి ఉన్నా అలారం, యాప్, సెన్సార్లు దీన్నుంచి కొంచెం కొంచెం తాగుతూనే ఉంటాయి.

లోపల ఏం మారింది, ఎందుకు మారింది

ఈ భాగం దాటేయాలనిపించినా దాటేయకండి. తర్వాత చెప్పే ప్రతి జాగ్రత్తకీ కారణం ఇక్కడే ఉంది.

కరెంటు వాడుతున్నప్పుడు రెండు రకాల పలకల మీదా లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది. ఛార్జ్ చేస్తే కరిగి మళ్లీ సీసంగా, లెడ్ డయాక్సైడ్‌గా మారుతుంది. మామూలు కారులో బ్యాటరీ ఎప్పుడూ నిండుగానే ఉంటుంది కాబట్టి గొడవ లేదు. హైబ్రిడ్‌లో అలా కుదరదు. బ్రేక్ శక్తి పట్టడానికి చోటు ఉండాలి కనుక కంప్యూటరే దాన్ని కావాలని కొంచెం ఖాళీగా ఉంచుతుంది. అలా నెలల తరబడి నిండకుండా తిరిగితే సన్నటి సల్ఫేట్ రేణువులు పెద్ద స్ఫటికాలుగా గట్టిపడతాయి. అవి ముఖ్యంగా నెగెటివ్ పలక ఉపరితలం మీద పొరలా కట్టి, ఛార్జ్ లోపలికి పోనివ్వవు. మన మెకానిక్‌లు "సల్ఫేషన్ పట్టింది" అనేది దీన్నే.

దీనికి పట్టుదలగా విరుగుడు వెతికింది 1992లో ఏర్పడిన అడ్వాన్స్‌డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ కన్సార్షియం, దానితో పాటు జపాన్, ఆస్ట్రేలియా ప్రయోగశాలలు. ముఖ్యమైన మందు కార్బన్. నెగెటివ్ పలక పేస్టులో తగిన రకం కార్బన్ కలిపితే కరెంటుకు లోపలి దాకా దారి దొరుకుతుంది, సల్ఫేట్ స్ఫటికాలు పెద్దవి కావడం తగ్గుతుంది, కరెంటును చప్పున తీసుకుని చప్పున ఇచ్చే కెపాసిటర్ గుణం కూడా పలకకు కొంత వస్తుంది. ఈ ఆలోచనను కొసదాకా తీసుకెళ్లింది ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓ రూపొందించిన అల్ట్రాబ్యాటరీ. అందులో మామూలు సీసం నెగెటివ్ పలకకు తోడుగా కార్బన్ పలకను ఒకే సెల్‌లో పెట్టారు. బ్రేక్ కొట్టినప్పుడు దూసుకొచ్చే కరెంటులో చాలా భాగాన్ని కార్బన్ తీసుకుంటుంది. నిదానంగా వచ్చేదాన్ని సీసం తీసుకుంటుంది. హోండా ఇన్‌సైట్ హైబ్రిడ్‌లో అసలు నికెల్ బ్యాటరీ తీసేసి దీన్ని పెట్టారు. బ్రిటన్‌లోని మిల్‌బ్రూక్ పరీక్షా ట్రాక్ మీద లక్ష మైళ్లు, అంటే దాదాపు 1,60,000 కిలోమీటర్లు తిప్పామని 2008లో ప్రకటించారు. కార్ల మార్కెట్ మాత్రం ఈలోపు లిథియం వైపు వెళ్లిపోయింది. నా దృష్టిలో అది సాంకేతికంగా ఓడిన బ్యాటరీ కాదు, ఆలస్యంగా వచ్చిన బ్యాటరీ.

కార్బన్‌కి ఒక చిక్కు ఉంది. ఎక్కువైతే నీళ్లు ఎక్కువగా ఖర్చవుతాయి. మనలాంటి వేడి ప్రాంతాల్లో ఇది చిన్న విషయం కాదు.

రెండో మార్పు ఏజీఎం. ఇందులో యాసిడ్ ద్రవంగా తిరగదు, పలకల మధ్య బిగించిన సన్నటి గాజు పీచు దాన్ని పీల్చి పట్టుకుంటుంది. ఛార్జింగ్‌లో పుట్టే ఆక్సిజన్ ఆ పీచు గుండా నెగెటివ్ పలకకు చేరి మళ్లీ నీరవుతుంది, అందుకే పైనుంచి నీళ్లు పోయనక్కర్లేదు. పలకలు గట్టిగా నొక్కి ఉంటాయి కాబట్టి పదార్థం రాలడం తగ్గుతుంది, చిక్కటి యాసిడ్ అడుక్కి చేరే సమస్యా తక్కువే.

మూడోది ఈఎఫ్‌బీ. ఇది ద్రవ యాసిడ్ బ్యాటరీయే, కాకపోతే పాజిటివ్ పలకకు పాలిస్టర్ గుడ్డ తొడుగు, నెగెటివ్ పేస్టులో కార్బన్, మెరుగైన గ్రిడ్ (పేస్టును పట్టి ఉంచే సీసం చట్రం) ఉంటాయి. ధరలోనూ సామర్థ్యంలోనూ మామూలుదానికీ ఏజీఎంకీ మధ్యలో ఉంటుంది.

ఈ-రిక్షాల్లో బాగా నిలిచేది ట్యూబులర్. పాజిటివ్ పలకలో చదునైన గ్రిడ్ బదులు సీసం కడ్డీలు, వాటి చుట్టూ గొట్టాల్లాంటి గుడ్డ సంచులు ఉంటాయి. పదార్థం రాలి అడుగున చేరకుండా ఆ సంచులే ఆపుతాయి. అందుకే లోతుగా వాడినా తట్టుకుంటుంది.

రెండో మెట్టు: లేబుల్ చదవడం

ఏహెచ్ పక్కన సీ20 అని ఉందా, సీ5 అని ఉందా చూడండి. 120 ఏహెచ్ సీ20 అంటే ఆరు ఆంపియర్ల చొప్పున ఇరవై గంటలు ఇస్తుందని. సీ5 అంకె ఐదు గంటల్లో ఖాళీ చేసిన లెక్క. కానీ ఈ-రిక్షా సగటున ఒక కిలోవాట్ లాగితే 48 వోల్టుల దగ్గర 20 ఆంపియర్ల పైనే తీసుకుంటుంది. లెడ్ యాసిడ్‌కి ఒక గుణం ఉంది: ఎంత వేగంగా లాగితే మొత్తం మీద అంత తక్కువ ఇస్తుంది. ఆ వేగంలో 120 కాస్తా 95, 100 దగ్గర ఆగిపోవచ్చు. కాబట్టి రెండు కంపెనీల బ్యాటరీలు పోల్చేటప్పుడు ఒకే రేటు దగ్గర పోల్చండి. ఒకటి సీ20 అంకె, ఇంకొకటి సీ5 అంకె చెబితే రెండోదే మీకు పనికొచ్చే నిజం చెబుతున్నట్టు.

కారుకైతే ఏహెచ్‌తో పాటు సీసీఏ (చలిలో స్టార్ట్ చేసేటప్పుడు ఇవ్వగల కరెంటు), సైజు కోడ్, టెర్మినల్ ఏ వైపు ఉంది అనేవి చూడాలి. స్టార్ట్ స్టాప్ కారు బ్యాటరీ మీద ఏజీఎం, ఈఎఫ్‌బీ, ఐఎస్ఎస్ లాంటి గుర్తు ఒకటి ఉంటుంది. తయారీ తేదీ తప్పకుండా చూడండి. ఆరు నెలలు షాపు అరలో ఛార్జ్ లేకుండా కూర్చున్న బ్యాటరీకి సల్ఫేషన్ అక్కడే మొదలై ఉండొచ్చు.

మూడో మెట్టు: పాతది నిజంగా పోయిందా?

చాలా బ్యాటరీలు చావకముందే తూకానికి వెళ్లిపోతాయి. ముందు పూర్తిగా ఛార్జ్ చేయండి, కొన్ని గంటలు కదపకుండా ఉంచండి. ఆ తర్వాత మల్టీమీటర్‌తో చూస్తే ద్రవ యాసిడ్ బ్యాటరీ 12.6 నుంచి 12.7 వోల్టులు చూపాలి, ఏజీఎం 12.8 దాకా ఉండాలి. 12.2 అంటే దాదాపు సగం. 12.0 అంటే పావు వంతే మిగిలింది.

వోల్టేజీ ఒక్కటే నమ్మకూడదు. ఇంజన్ ఉన్న కారులో స్టార్ట్ చేస్తుండగా మీటర్ చూడండి, 9.6 కంటే కిందికి జారితే అనుమానించాలి. ఈవీ ఆక్సిలరీకి ఈ పరీక్ష కుదరదు. దానికి బ్యాటరీ ఆరోగ్యాన్ని లోపలి నుంచి కొలిచే కండక్టెన్స్ టెస్టర్ ఉన్న షాపే దిక్కు.

మూతలు తెరిచే బ్యాటరీ అయితే యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ కంటే మంచి సాక్షి లేదు. ఆరు సెల్స్‌లోనూ సాంద్రత రాసుకోండి. నిండు ఛార్జ్ దగ్గర ఎంత ఉండాలో కంపెనీ కరపత్రంలో ఉంటుంది. మన వాతావరణానికి చేసిన ట్యూబులర్లు తరచూ 1.240 చుట్టుపక్కల ఉంటాయి. యాసిడ్ 27 డిగ్రీల కంటే ప్రతి 10 డిగ్రీలు వేడిగా ఉంటే వచ్చిన అంకెకి 0.007 కలపాలి. అసలు చూడాల్సింది సెల్‌కీ సెల్‌కీ తేడా. ఒక సెల్ మిగతావాటికంటే 0.030 పైగా తక్కువుంటే, ఈక్వలైజింగ్ ఛార్జ్ (సెల్స్ అన్నీ సమానం కావడానికి నిండాక కూడా కొంతసేపు కొనసాగించే ఛార్జ్) తర్వాత కూడా లేవకపోతే, ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే.

ఈ-రిక్షాలో నాలుగింటినీ విడివిడిగా, బండి లోడ్ మీద నడుస్తుండగా కొలవాలి. ఇంకొకరు నడుపుతుంటే మీరు మీటర్ పట్టుకోండి. పల్లకీ మోసే నలుగురిలో ఒకడు నీరసిస్తే పల్లకీ ఆగినట్టే, వరసలో బలహీనమైన బ్యాటరీయే మొత్తం బండి దూరాన్ని నిర్ణయిస్తుంది. ప్యాక్ కొత్తదై, మొదటి రెండు మూడు నెలల్లో ఒకటి పోతే ఆ ఒక్కటి మార్చొచ్చు. ఏడాది తిరిగిన సెట్‌లో ఒక్క కొత్తది కలపడం డబ్బు దండగ. పాతవి ముందే ఖాళీ అవుతాయి, కొత్తది నడుస్తూ వాటిని ఉల్టా ఛార్జ్ అయ్యేదాకా లాగుతుంది.

నాలుగో మెట్టు: ఏది కొనాలి

కారుకి సూత్రం సులభం: పైకి వెళ్లొచ్చు, కిందికి దిగకూడదు. ఫ్యాక్టరీలో ఏజీఎం ఇచ్చారంటే ఏజీఎమ్మే వేయాలి. ఈఎఫ్‌బీ ఇస్తే ఈఎఫ్‌బీ, లేదా కారు కంపెనీ ఒప్పుకుంటే ఏజీఎం. స్టార్ట్ స్టాప్ కారులో మామూలు బ్యాటరీ వేస్తే మొదటి రోజు తేడా తెలియదు. కొన్ని నెలలకే దిగిపోతుంది.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి. ఏజీఎం ఖరీదు ఎక్కువ కాబట్టి అన్నిచోట్లా గొప్పదే అనుకోవద్దు. ఏజీఎంకి వేడి పడదు. లోపల ద్రవం తక్కువ, పోయిన నీటిని తిరిగి పోసే వీలు లేదు. చాలా యూరప్ కార్లలో దాన్ని ఇంజన్‌కి దూరంగా డిక్కీలో పెట్టడానికి ఇది ఒక కారణం. రామగుండంలోనో విజయవాడలోనో మే నెల ఎండలో, బానెట్ కింద ఇంజన్ పక్కనే బ్యాటరీ ఉండే కారుకి ఫ్యాక్టరీయే ఈఎఫ్‌బీ ఇచ్చి ఉంటే, నేనైతే దాన్ని మార్చను.

ఈ-రిక్షాకి ట్యూబులర్ లేదా ఈ-రిక్షా కోసమే చేసిన మందపాటి పలకల బ్యాటరీ తీసుకోండి. నాలుగూ ఒకే కంపెనీ, ఒకే మోడల్, వీలైతే ఒకే నెల తయారీ ఉండాలి. కార్ స్టార్టింగ్ బ్యాటరీలు నాలుగు చవగ్గా వస్తున్నాయని వేయకండి. వాటి పలకలు పల్చన. ఒక్కసారిగా పెద్ద కరెంటు ఇవ్వడానికి పుట్టినవి అవి, రోజూ లోతుగా ఖాళీ కావడానికి కాదు.

ఐదో మెట్టు: బిగించడం

ఉంగరం, కడియం, వాచీ తీసేయండి. విప్పేటప్పుడు ముందు నెగెటివ్, బిగించేటప్పుడు చివర నెగెటివ్. టెర్మినల్ మీద తెల్లటి పొడి ఉంటే వంటసోడా కలిపిన నీళ్లతో కడగండి, ఆ నీళ్లు సెల్ లోపలికి మాత్రం పోకూడదు. ఆరాక బిగించి, పైన పెట్రోలియం జెల్లీ రాయండి.

స్టార్ట్ స్టాప్ కార్లలో నెగెటివ్ టెర్మినల్ దగ్గర చిన్న సెన్సార్ ఒకటి బిగించి ఉంటుంది. ఎంత లోపలికి వెళ్లింది, ఎంత బయటికి వచ్చింది అని లెక్క పెట్టేది అదే. కొన్ని కార్లలో కొత్త బ్యాటరీ వేసిన సంగతి స్కానర్‌తో కంప్యూటర్‌కి చెప్పాలి. లేకపోతే పాత ముసలి బ్యాటరీకి చేసినట్టే దీనికీ ఛార్జింగ్ చేస్తుంది. బయటి ఛార్జర్ పెట్టేటప్పుడు కూడా నల్ల క్లిప్పును బ్యాటరీ టెర్మినల్‌కి కాకుండా బాడీ ఎర్త్‌కి పెట్టండి, అప్పుడే సెన్సార్ లెక్క తప్పదు. ఈవీలో అయితే మాన్యువల్ చూడకుండా 12 వోల్టుల వైరు ముట్టుకోవద్దు. నారింజ రంగు కేబుల్ కనిపిస్తే అది హై వోల్టేజి, అక్కడ చేయి పెట్టే పని మనది కాదు.

ఆరో మెట్టు: ఛార్జింగ్, నీళ్లు

ఈ-రిక్షా యజమాని డబ్బు పోయేదీ మిగిలేదీ ఇక్కడే.

లోడ్ మీద ప్యాక్ వోల్టేజీ 44కి వస్తే ఇంటిదారి పట్టండి. 42 ఆఖరి గీత, అంటే ఒక్కో బ్యాటరీకి 10.5. రోజూ అక్కడిదాకా లాగితే జీవితం సగానికి సగం పోతుంది. మధ్యాహ్నం భోజనం వేళ గంటసేపు ఛార్జ్ పెట్టడం మంచిదే. కానీ రాత్రి మాత్రం పూర్తిగా నిండాలి. సగంలో ప్లగ్ పీకేయడం అలవాటైతే సల్ఫేషన్‌ని మీరే పెంచుతున్నట్టు. బండి తిరిగొచ్చాక అరగంట, గంట చల్లారనిచ్చి ఛార్జ్ పెట్టండి. మర్నాటి దాకా ఖాళీగా వదలొద్దు.

ఛార్జర్ కరెంటు ఏహెచ్‌లో 10 నుంచి 15 శాతం దాకా ఉండొచ్చు. 120 ఏహెచ్‌కి 12 నుంచి 18 ఆంపియర్లు. ద్రవ యాసిడ్ ప్యాక్‌కి వోల్టేజీ సుమారు 58 దాకా వెళ్లి, కరెంటు బాగా పడిపోయేదాకా అక్కడే నిలవాలి. ఎండాకాలంలో ఇది తగ్గాలి. 12 వోల్టుల బ్యాటరీకి డిగ్రీకి సుమారు 18 మిల్లీవోల్టుల లెక్కన, 25 బదులు 42 డిగ్రీలు ఉంటే ఒక్కోదానికి 0.3, నాలుగింటికి కలిపి 1.2 వోల్టు తగ్గించాలి. టెంపరేచర్ సెన్సార్ ఉన్న ఛార్జర్ ఆ పని తనే చేసుకుంటుంది. కొత్త బ్యాటరీ సెట్‌కి పెట్టే డబ్బులో కొంచెం ఛార్జర్‌కి మళ్లిస్తే నష్టం లేదు. చవక ఛార్జర్ తినేసిన బ్యాటరీలకు వారంటీ గొడవలు కూడా ఎక్కువే.

నెలకొకసారి ద్రవ యాసిడ్ బ్యాటరీలకు కంపెనీ చెప్పిన మేరకు ఈక్వలైజింగ్ ఛార్జ్ ఇవ్వండి. బుడగలు వచ్చి అడుగున చేరిన చిక్కటి యాసిడ్ కలుస్తుంది, వెనకబడిన సెల్స్ లేస్తాయి. ఏజీఎంకి మాత్రం ఇది చేయకూడదు.

నీళ్లు పోసేది ఛార్జ్ అయ్యాక. ముందే నింపితే ఛార్జింగ్‌లో పొంగి యాసిడ్ బయటికొస్తుంది. పలకలు తేలి కనిపిస్తుంటే మాత్రం అవి మునిగేటంత ముందు పోసి, మిగతాది తర్వాత. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. వీధి చివరి మినరల్ వాటర్ ప్లాంట్ క్యాన్ నీళ్లు తాగడానికి బాగుంటాయి కానీ వాటిలో లవణాలు మిగిలే ఉంటాయి. ఏసీ కింద పట్టిన నీళ్లలో కాయిల్ మీది దుమ్ము, లోహం కలుస్తాయి. యాసిడ్ మళ్లీ పోయాలా అని అడుగుతుంటారు: ఒలికిపోతే తప్ప అక్కర్లేదు, ఆవిరయ్యేది నీళ్లే.

ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది. గాలిలో నాలుగు శాతానికి చేరితే నిప్పురవ్వ చాలు పేలడానికి. తలుపులు మూసిన గదిలో, పిల్లలు పడుకునే చోట, బీడీ కాల్చే చోట ఛార్జ్ పెట్టొద్దు. కంట్లో యాసిడ్ పడితే కనీసం పావుగంట ధారగా నీళ్లు పోసి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఊరెళ్తే, ఎండలు ముదిరితే

వేడి దాదాపు 10 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ బ్యాటరీ జీవితం సగమవుతుందనేది ఈ రంగంలో అందరూ వాడే లెక్క. నీడలో ఆపడం ఊరికే చెప్పే మాట కాదు. ఈవీని నెల రోజులు ఆపి వెళ్తుంటే మాన్యువల్ చూడండి. కొన్ని బండ్లు పెద్ద ప్యాక్ నుంచి చిన్నదాన్ని తమంతట తామే నింపుకుంటాయి, కొన్ని నింపుకోవు. నింపుకోనివాటికి 12 వోల్టుల మెయింటెయినర్ (బ్యాటరీని నిదానంగా నిండుగా ఉంచే చిన్న ఛార్జర్) పెట్టడమో, మాన్యువల్ ఒప్పుకుంటే నెగెటివ్ విప్పడమో చేయాలి. దిగిపోయిన ఈవీని వేరే 12 వోల్టుల బ్యాటరీతో జంప్ చేసి లేపొచ్చు, కంప్యూటర్లు లేస్తే చాలు. మీ ఈవీతో పక్కింటి డీజిల్ కారుని స్టార్ట్ చేయబోకండి. దాని స్టార్టర్ లాగే కరెంటు కోసం ఈ బ్యాటరీని చేయలేదు.

సీసమా, లిథియమా?

బండిని నడిపే పనికి లెక్క కట్టాల్సింది కిలోమీటరు మీద. సెట్ ధరలోంచి ఎక్స్చేంజ్ డబ్బు తీసేసి, ఆ సెట్ తిరిగే మొత్తం కిలోమీటర్లతో భాగించండి. దానికి కరెంటు ఖర్చు కలపండి. లెడ్ యాసిడ్‌లో గోడ దగ్గర తీసుకున్న కరెంటులో పావు వంతుకి పైగా వేడిగా, వాయువుగా పోతుంది. లిథియంలో ఆ నష్టం చాలా తక్కువ. రోజంతా తిరిగే బండికి, అప్పు దొరికితే, ఇప్పుడు లిథియమే మేలనిపిస్తుంది. 2017 అక్టోబరులో ఎలక్ట్రిక్ బండ్లకు కేంద్రం ఇచ్చిన ఫేమ్ సబ్సిడీ నుంచి లెడ్ యాసిడ్ బండ్లను తప్పించడంతో ప్రభుత్వం మొగ్గు ఎటో తెలిసిపోయింది. తిరుపతి దగ్గర కరకంబాడిలో సీసం బ్యాటరీలతో ఎదిగిన అమరరాజా కూడా మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో లిథియం ఫ్యాక్టరీ కడుతోంది. పగలు నాలుగు ట్రిప్పులు వేసి ఆపేసే బండికి మాత్రం మంచి ట్యూబులర్ సెట్, మంచి ఛార్జర్ ఇంకా లాభమే. స్టార్ట్ స్టాప్ కార్లకైతే ఈ చర్చే అనవసరం, కంపెనీ ఇచ్చిన రకమే వేయండి.

చివరి మెట్టు: పాతదాన్ని అప్పగించడం

2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలు వెనక్కి తీసుకుని రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారుది. కొత్తది కొనేచోటే ఇచ్చేయండి, బిల్లులో ఎక్స్చేంజ్ తగ్గింపు విడిగా రాయించుకోండి. తూకం మీద ధర చెబితే యాసిడ్‌తో కలిపి తూస్తున్నారా, తీసేసి తూస్తున్నారా అడగండి. ఏ కారణంతోనూ యాసిడ్‌ని మీరు కాలువలో పారబోయకండి, అందులో సీసం కలిసి ఉంటుంది. నాలుగు రూపాయలు ఎక్కువిస్తానని ఇంటికొచ్చే పాత సామాన్ల వ్యాపారికి ఇస్తే అది ఊరి చివర బట్టీలో కరిగే అవకాశం ఎక్కువ, ఆ పొగలోని సీసం ముందుగా చేరేది అక్కడి చిన్నపిల్లల రక్తంలోకి. టెర్మినళ్లకు టేపు చుట్టి, నిలువుగా పెట్టి, మూతలు బిగించి ఆటోలో వేసి తీసుకెళ్లండి.